సమాధానం: మలుపులో చక్రం గాలిలోకి లేవడం గురించి

తిరిగే ఆయుధం ఉన్న మీ 15 కిలోల పోరాట రోబో మలుపు తిరగగానే ఒకవైపు చక్రం పైకి లేస్తోందని, ముందు భాగంలో బరువు పెంచినా ఫలితం లేదని రాశారు. లోపం బరువులో లేదు. నిలువుగా, అతివేగంగా తిరిగే ఆయుధం బొంగరంలా తన అక్షాన్ని మార్చడానికి ఒప్పుకోదు కనుక, మీరు రోబోను పక్కకు తిప్పినప్పుడల్లా ఆ ప్రతిఘటన మొత్తం బండిని ఒరగదోస్తుంది.

రోబోల పోరాట పోటీ అయిన బ్యాటిల్‌బాట్స్‌లో 2015, 2018, 2019 సంవత్సరాల్లో విజేతగా నిలిచిన బైట్ ఫోర్స్ అనే రోబోను గమనించండి. 2015లో ప్రత్యర్థిని పట్టి ఎత్తే చేయితో గెలిచిన ఆ యంత్రం, తరువాతి రెండు విజయాలను నిలువుగా తిరిగే ఆయుధంతోనే సాధించింది. అంటే ఈ చిక్కును దాటడం సాధ్యమే. ఆ పోరాటాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని నిలకడే.

ముందుగా రెండు పక్కల చక్రాల మధ్య దూరాన్ని వీలైనంత పెంచండి. ఆ దూరం ఎంత పెరిగితే, చక్రం లేవకుండా తిరగగల వేగం అంత పెరుగుతుంది. మలుపుల్లో ఆయుధ వేగాన్ని సగానికి తగ్గించినా ఒరగదోసే బలం సగమవుతుంది గాని, దెబ్బలోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి దాన్ని తాత్కాలిక ఉపాయంగానే చూడండి. అంతకన్నా ఆయుధపు అంచుల్లో బరువు తగ్గించి, వేగం పెంచి, అదే శక్తిని నిలుపుకోవడం మేలు. అయితే అప్పుడు ఆయుధపు పళ్లు ప్రత్యర్థిలోకి లోతుగా దిగవు, అంటే పట్టు తగ్గుతుంది. దాన్ని సరిదిద్దడానికి రెండు పళ్లకు బదులు ఒకే పన్ను పెట్టి, ఎదురు బరువుతో సమతూకం చేయండి.