మత్తయి 16లో అందరూ దాటేసే వచనం

యేసు తానే మెస్సీయనని (అంటే క్రీస్తునని, దేవుడు పంపుతానన్న రాజునని) సూటిగా చెప్పుకున్నాడా, చెప్పుకుంటే సంఘానికో అర్థం ఎందుకు అని అడిగారు. నేను పాస్టర్‌ని కాదు. చెన్నైలో పెరంబూరులో ఉంటాను, మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మా ఆవిడ తరఫువాళ్లు క్యాథలిక్కులు. ఈ గొడవ మా ఇంట్లో రోజూ ఉండేదే.

పోయిన క్రిస్మస్‌కి మేడ మీద కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాం. ఇరవై మందికి మైకు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. బైబిల్లో మత్తయి సువార్త 16వ అధ్యాయం తీశారు. "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" దగ్గర బండి ఆగింది. బండ అంటే యేసు శిష్యుడు పేతురే, ఆయన వారసుడే పోపు అని మామయ్యగారు. "కాదు బావగారూ, నీవు క్రీస్తువని పేతురు ఒప్పుకున్నాడే, ఆ ఒప్పుకోలే బండ" అని మా బాబాయి. కింద బిర్యానీ అడుగంటుతోందని వాసన వస్తున్నా ఇద్దరూ కదల్లేదు.

మా అమ్మాయి ఆరో క్లాసు. 2006లో తమిళనాడు చట్టం వచ్చాక ఇక్కడ బళ్లో తమిళం తప్పనిసరి, తెలుగు ఇంట్లో మేం నేర్పినంతే. ఆ ఏడుపు ఇంకోసారి ఏడుస్తాను. పాప వేలు పెట్టి కూడబలుక్కుంటూ, పెద్దాళ్లు 18వ వచనం దగ్గరే ఆగిపోయారని చూసుకోక 20వ వచనం దాకా వెళ్లిపోయింది.

"ఖండితముగా అంటే ఏంటి తాతా?"

"గట్టిగా అని తల్లీ" అన్నాడు బాబాయి.

"తను క్రీస్తునని ఎవరికీ చెప్పద్దని గట్టిగా చెప్పాడంట. మరి మనం మైకు పెట్టి చెబుతున్నామేంటి?"

తాతలిద్దరూ నీళ్ల గ్లాసులు అందుకున్నారు.

నన్నడిగితే, ఎవరు ఏ సువార్త ముందు తెరుస్తారో వాళ్ల యేసు అలా ఉంటాడు. యోహాను 4లో సమరయ స్త్రీకి నేనే ఆయననని చెప్పేస్తాడు. విచారణలో ప్రధాన యాజకుడు నీవు క్రీస్తువా అని అడిగితే మార్కులో అవును నేనే అంటాడు, మత్తయిలో "నీవన్నట్టే" అని వదిలేస్తాడు. ఈ దాపరికం జరిగిన చరిత్ర కాదు, తొలి సంఘం ఆలోచన అని 1901లో జర్మన్ పండితుడు విలియం వ్రేడె రాశాడు. జనం రోమా మీదికి రాజుగా నిలబెడతారని దాచాడు అంటారు మా వాళ్లు. నాకు ఇదే సరిగ్గా అనిపిస్తుంది. యోహాను 6లో రాజును చేయబోతే కొండకి తప్పించుకుపోయాడు కదా.

రాత్రి పదకొండింటికి బాబాయి ఫోన్. "పాపని మత్తయి 17:9 చూడమను. మృతుల్లోంచి లేచేదాకే చెప్పద్దన్నాడు." అది నిద్రపోయింది, నేనే చూశాను. అక్కడ వద్దన్నది శిష్యులు కొండ మీద చూసిన దర్శనం గురించి, క్రీస్తునన్న మాట గురించి కాదు. బాబాయికి ఇంకా చెప్పలేదు.