ముత్తాత జాడ వెతకబోతున్న అమ్మడికి

యానాం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ముత్తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన వివరాల కోసం నువ్వు ఫ్రాన్సు వెళ్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లకు మన పిల్లల్లో ఒకరికి ఆయన మీద ధ్యాస కలిగిందన్న సంతోషం సగం, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న దిగులు సగం.

తేలిక సంగతులు ముందు చెబుతాను. ఫ్రాన్సు ఏలిన మన యానాం లాంటి ప్రాంతాల జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊళ్లోని జాతీయ అభిలేఖాగారంలో, అంటే పాత దస్తావేజులు దాచే చోట, ఉంటాయి. సైనికుల ఫైళ్లు 'పో' (Pau) అనే పట్టణంలోనూ, ప్యారిస్ పక్కనున్న వాన్సెన్ కోటలోనూ ఉంటాయి. పుట్టిన తేదీ చేతిలో లేకుండా ఎవరికీ ఉత్తరం రాయకు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కోసం ప్రాణాలిచ్చినవాళ్ల జాబితా కంప్యూటర్‌లోనే చూడవచ్చు. తిరిగి వచ్చినవాళ్లు అందులో ఉండరు. ముత్తాత పేరు కనబడలేదని బెంగపడకు, ఆయన ఇంటికి వచ్చాడు కాబట్టే మనమున్నాం.

ఇక నా తప్పు. మా మేనత్త, అంటే ముత్తాత కూతురు, చేటలో బియ్యం చెరుగుతూ ఎప్పుడూ ఒక మాట అనేది: "మా నాన్నకు రెండు పేర్లురా, ఇంట్లో ఒకటి, పటాలంలో ఒకటి." ముసలితనం, ఏదో కలిపి చెబుతోందనుకున్నాను. ఒకసారి విసుక్కున్నాను కూడా. చేట ఆపి నావైపు చూసి, మళ్లీ చెరుగుతూ కూర్చుంది. ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు.

మూడేళ్లు మన ఇంటిపేరు పట్టుకుని పాత రిజిస్టర్లు తిరగేశాను. స్పెల్లింగు మాత్రం జాగ్రత్తగానే చూశాను. ఫ్రెంచివాళ్లు మన 'ఉ' పలకడానికి ఓ, యూ రెండక్షరాలు రాస్తారు, 'చ'కు టీ, సీ, హెచ్ మూడూ పెడతారు. అన్ని రకాలుగా రాసి చూసినా ఆయన దొరకలేదు. 1881 నాటి ఫ్రెంచి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం స్వకీయ ఆచార చట్టాన్ని, అంటే మన కులమతాల ఆచారాల ప్రకారం నడిచే చట్టాన్ని, వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వచ్చినవాళ్లు కొత్త ఇంటిపేరు పెట్టుకునేవారని నాకప్పటికి తెలియదు.

చివరికి, అంతకు ముందు ఒకసారి తిప్పేసిన పేజీనే మళ్లీ చూశాను. పైన ముక్కూ మొహం తెలియని ఫ్రెంచి ఇంటిపేరు. కింద, సిరా కాస్త అలికిన చోట, తెలుగులో సంతకం. మన ఇంటిపేరు, దాని వెనుక ఆయన పేరు. గుండ్రటి అక్షరాలు, బడిలో దిద్దినట్టు. వేలితో తడిమి ఏడ్చాను. పరుగున చెప్పడానికి మేనత్త లేదు, పోయి అప్పటికి ఏడాది.

కాబట్టి అమ్మడూ, బయలుదేరేముందు రెండు రోజులు ఇక్కడికి రా. మీ అమ్మమ్మ వాళ్ల వీధిలో అప్పట్లో ఫ్రెంచివాళ్లు ఏలిన వియత్నాం నగరం సైగాన్‌లో పెరిగిన ముసలమ్మలు ఇంకా ఇద్దరున్నారు. వాళ్లేం చెప్పినా మధ్యలో దిద్దకు, నవ్వకు, అలాగే రాసుకో. నీకు ఓపిక తక్కువ, చిన్నప్పుడు కథ సగంలోనే "తరువాత?" అని నా గడ్డం పట్టుకుని లాగేదానివి. ఈసారి మాత్రం ఓపిక పట్టాలి తల్లీ. రేకు పెట్టెలోని ఆయన సైనిక పుస్తకం అసలుది తీసుకెళ్లవద్దు, నేను ఫొటోలు తీయించి ఉంచాను. ఎక్స్‌లో చలిగాలి విపరీతం, శాలువా మరచిపోకు.

ఒక్క మాట రాయడానికి వారం ఆలోచించాను. ఫ్రెంచి జనన రికార్డు అంచున, ఆ మనిషి తరువాత చేసుకున్న పెళ్లి కూడా రాస్తారు. ముత్తాత సైగాన్‌లో ఎన్నో ఏళ్లున్నాడు. మా నాయనమ్మ ఇక్కడ సాయంత్రమయితే గోదావరి రేవు వైపు చూస్తూ గుమ్మంలో కూర్చునేదట. ఆ అంచున ఆమె పేరు కాక ఇంకో పేరు కనబడితే, మీ నాన్నకు చెప్పే ముందు నాకు ఫోను చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే, నేను ఎత్తుతాను.

నీ పెదనాన్న