ఒక్క రోజులో అన్నీ చూపించాలనుకోకు

బంగారూ,

పదిహేను మందిని వెంటేసుకుని పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ నుంచి క్రాకోవ్ వెళ్తున్నావట, యూదుల పేట కూడా చూపిస్తావట, మీ అమ్మ చెప్పింది. తెనాలి స్టేషన్లో నా కొంగు వదిలేదానివి కాదు, ఇప్పుడు నువ్వే గైడువా! గర్వంగానే ఉంది గానీ నీ ప్లాన్ చూశాక టెన్షన్ పట్టుకుంది. పొద్దున నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ క్యాంపు, మధ్యాహ్నం యూదుల పేట కజిమియెజ్, సాయంత్రం ఉప్పుగని. మీ పెదనాన్నకీ నీకూ రక్తసంబంధం లేదు కదే, ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చింది?

మేం అక్కడ కాపురం ఉన్నప్పుడు ఆయన సరిగ్గా ఇదే చేశారు. గుంటూరు నుంచి చుట్టాలు దిగారు, పెట్టిన ఖర్చు గిట్టాలని గంటల లెక్కన కాగితం రాశారు. ఆష్విట్జ్ దాదాపు 70 కిలోమీటర్లు, లోపల గైడుతో తిరగడానికే మూడున్నర గంటలు పడుతుంది. పేర్లు రాసిన పెట్టెలు, పిల్లల చెప్పులు, గుట్టగా పోసిన జుట్టు చూసి బయటికొచ్చాక బస్సులో ఎవరూ నోరు విప్పలేదు. ఈయన మాత్రం వాచీ చూసుకుంటూ అందరినీ తరుముకుంటూ కజిమియెజ్‌లోని షెరోకా వీధిలో హోటల్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. అక్కడ వయొలిన్, క్లారినెట్‌లతో యూదుల సంగీతం, మనవాళ్లు చప్పట్లు. మా అత్తగారు కంచం ముట్టుకోలేదు. కాసేపాగి కొడుకుని పట్టుకుని గట్టిగానే అడిగారు: "వాళ్లు ఎలా చచ్చారో పొద్దుణ్ణుంచీ చూపించావు, ఎలా బతికారో ఒక్క ముక్క చెప్పవేంరా?" ఆయన దగ్గర జవాబు లేదు. కాగితంలో అది లేదు మరి!

మర్నాడు ఆవిడా నేనూ ఇద్దరమే మళ్లీ ఆ పేటకి వెళ్లాం. 1495లో క్రాకోవ్ నుంచి పంపించేస్తే యూదులు పక్కనున్న కజిమియెజ్‌కి చేరారు, అప్పట్లో అది వేరే ఊరు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు క్రాకోవ్ జనాభాలో సుమారు నాలుగో వంతు వాళ్లే. రెము సినగోగ్, అంటే వాళ్ల గుడి, పక్కనున్న శ్మశానంలో 1572లో పోయిన మతగురువు రబ్బీ మోషే ఇసెర్లెస్ సమాధి ఉంది, ఆయన రాసిన ధర్మనియమాలను మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు ఇప్పటికీ పాటిస్తారు. సమాధుల మీద పూలకు బదులు చిన్న రాళ్లు పెడతారు. విరిగిపోయిన సమాధి రాళ్ల ముక్కలతోనే ఒక గోడ కట్టారు, దాని ముందు కాస్త ఆగనివ్వు మీవాళ్లని. పాత ఇళ్ల ద్వారబంధాలకి కుడివైపు ఏటవాలుగా చిన్న గాడి కనిపిస్తుంది, ప్రార్థన రాసిన తోలుచుట్ట పెట్టిన మెజూజా ఉండేదక్కడ. మన గడపకి పసుపు రాసినట్టే వాళ్ల గుమ్మానికి అది. అత్తగారు ఒక గాడిలో వేలు పెట్టి చూసి "ఇదీ ఇల్లే కదమ్మా" అన్నారు. ఆవిడ అన్న ఆ మాట కోసమే నీకింత రాస్తున్నా.

కాబట్టి ఆష్విట్జ్ తీసెయ్. అది ఇంకో రోజు, వస్తామన్నవాళ్లతోనే వెళ్లు. శనివారం వద్దు, రెము మూసేస్తారు. ఆదివారం పెట్టుకో, కాకపోతే ఆ రోజు పెద్ద షాపులుండవు, నీళ్లూ తిండీ ముందే కొనుక్కోండి. మగపిల్లలు టోపీ మర్చిపోవద్దు, సినగోగ్‌లో తల కప్పుకోవాలి. ట్రామ్ ఎక్కగానే టికెట్ పంచ్ చేయాలి.

పొద్దున కజిమియెజ్, తర్వాత ప్లాస్ నొవీలో జపియెకాంక తినండి, పుట్టగొడుగులూ చీజూ వేసి కాల్చిన పొడుగు రొట్టె అది. దాన్ని అమ్మే ఆ గుండ్రటి కట్టడంలో ఒకప్పుడు యూదుల పద్ధతిలో కోళ్లు కోసేవారు. బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పియెరోగి తీసుకుంటే పైన పందిమాంసం వేపుడు చల్లొద్దని ముందే చెప్పండి, "బంగాళాదుంపలే కదా" అని మోసపోకు.

మధ్యాహ్నం నడకవంతెన మీద నది దాటి అవతలి పేట పొద్గూజె వెళ్లండి. 1941లో నాజీలు గెట్టో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన వాడ, పెట్టింది అక్కడే, కజిమియెజ్‌లో కాదు, ఇది అందరూ కలిపేస్తారు. అక్కడి చౌకులో పెద్ద పెద్ద లోహపు కుర్చీలుంటాయి, ఖాళీగా. గెట్టో ఖాళీ చేయించినప్పుడు వీధిన పడ్డ సామాన్లకి గుర్తుగా 2005లో పెట్టారు. వాటి మీదెక్కి సెల్ఫీలు తీసుకున్నారని తెలిస్తే నేను ఫోన్‌లోనే చెవి మెలిపెడతా. అదే చౌకులో పంకియెవిచ్ అనే పోలిష్ మందులషాపాయన గెట్టో ఉన్నన్నాళ్లూ కొట్టు మూయకుండా యూదులకి సాయం చేశాడు, ఆ కొట్టు ఇప్పుడు మ్యూజియం. ఆయన కథ నువ్వే చెప్పు, గైడ్ అక్కర్లేదు.

బజార్లో నాణెం పట్టుకున్న యూదుడి బొమ్మలు అమ్ముతారు, ఇంట్లో పెడితే డబ్బొస్తుందట. కొనకండి, ఎవరైనా కొంటానంటే ఆపు. అక్కడ ఇప్పటికీ యూదులున్నారు, తక్కువే గానీ ఉన్నారు, వాళ్ల కమ్యూనిటీ సెంటర్ 2008 నుంచి నడుస్తోంది. మ్యూజియంలోకి వచ్చినట్టు మాట్లాడుకుంటూ పోతే వాళ్లకెలా ఉంటుందో ఆలోచించు.

పదిహేను మందిలో ఎవరు వెనక పడతారోనన్నది నా అసలు భయం. చలిలో ఫోన్ చార్జింగ్ గబుక్కున దిగిపోతుంది, అందరినీ పవర్ బ్యాంక్ పెట్టుకోమను, ట్రామ్ దిగిన ప్రతిసారీ లెక్కపెట్టుకో. తన దగ్గర పనిచేసే యూదుల్ని కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం, దాని టికెట్లు ఈ వారమే తీసుకో, అప్పటికప్పుడు దొరకవు. దొరికాక నాకో మెసేజ్ పెట్టు. పెదనాన్న తన పాత కాగితం పంపిస్తానంటున్నారు, థాంక్స్ చెప్పి పక్కన పెట్టెయ్.

మీ పెద్దమ్మ