గ్యాస్ అయిపోయిందంటే, ఎటు పోయిందో అడగండి

ఏసీ ఆగకుండా నడుస్తున్నా గది చల్లబడటం లేదని, వచ్చిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందంటున్నారని, ప్రతి వేసవికీ ఇలా నింపించుకోవలసిందేనా అని మీరు అడిగారు. అక్కర లేదు. ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలు లాగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాలలో అదే గ్యాస్ ద్రవమవుతూ, మళ్లీ ఆవిరవుతూ, గదిలోని వేడిని బయటికి మోసుకుపోతుంది. ఒక్కసారి కూడా గ్యాస్ నింపకుండా పదేళ్లు దాటి నడిచిన ఏసీలు మా బంధువుల ఇళ్లలోనే ఉన్నాయి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతకకుండా నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఈ సంగతి నాకు రెండు వేసవులు డబ్బు పోసిన తరువాత గాని తెలియలేదు. మేము విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాము. పడమటి గదిలో ఎనభై దాటిన మా అమ్మగారు ఉంటారు. పగలంతా ఎండ పడిన గోడ రాత్రి పదింటికి కూడా చేతికి వేడిగానే తగులుతుంది. ఆ గదిలో 1.5 టన్నుల ఏసీ చల్లదనం ఒక మే నెలలో తగ్గిపోతే, ఒక మెకానిక్ వచ్చి, బయటి యూనిట్‌కు గ్యాస్ ఒత్తిడి చూపే గేజి తగిలించి, పావుగంటలో గ్యాస్ నింపి 2,800 రూపాయలు తీసుకువెళ్లారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే మళ్లీ అదే పరిస్థితి. వచ్చినది వేరే మనిషి, చెప్పినది అదే మాట, అయినది 3,000 రూపాయలు. ఆ పై ఏడాది రోహిణి కార్తెలో, సన్న గొట్టం మీద తెల్లగా మంచు పట్టడం చూసి, పక్క వీధిలో చాలాకాలంగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న ఒక పెద్దాయనను బతిమాలి తీసుకువచ్చాను.

ఆయన గేజి చూసి, "గ్యాస్ తగ్గిన మాట నిజమే బాబూ, కానీ ఎటు పోయిందో తెలియకుండా నేను నింపను" అన్నారు. మా వంటింట్లో గిన్నెలు తోమే లిక్విడ్ అడిగి, నీళ్లలో కలిపి, స్పాంజి ముక్కతో నురుగు తీసి, గొట్టాలు యూనిట్లకు కలిసే నాలుగు నట్ల మీదా పెట్టారు. మూడింటి మీద నురుగు పెట్టినది పెట్టినట్టే ఉంది. బయటి యూనిట్‌లో లావు గొట్టం నట్టు అడుగున, గోడ వైపున, ఆవగింజంత బుడగ లేచింది. మేము చూస్తుండగానే అది శనగగింజంత అయి పగిలి, అక్కడే మరొకటి లేచింది. మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగి, నట్టు విప్పి చూపిస్తే, బిగించిన తొలినాడే అతిగా బిగించినందువల్ల గొట్టం అంచు వెంట్రుకంత చీలి ఉంది. ఆయన ఆ ముక్క కోసి కొత్త అంచు తీర్చి, ఇంకెక్కడా కారడం లేదని తేల్చుకోవడానికి నైట్రోజన్ ఎక్కించి, గేజి ముల్లు కదలడం లేదని గంటసేపు నాచేత చూయించి, ఆ తరువాత వ్యాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేసి, సిలిండర్‌ను కాటా మీద పెట్టి, యూనిట్ పలక మీద రాసి ఉన్నంత బరువే ఎక్కించారు. ఇది జరిగి నాలుగు వేసవులయింది. మళ్లీ గ్యాస్ జోలికి పోలేదు.

మా ఏసీలో ఉన్నది ఆర్-32 గ్యాస్. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 675 రెట్లు బలమైనది. మా అమ్మగారి గదిని చల్లబరచాలని నేను కొన్న గ్యాస్ రెండుసార్లు గాలిలో కలిసిపోయింది, డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధించింది. అందుకే, కాటా, పంపు లేకుండా పావుగంటలో నింపి వెళ్లేవారిని ఇంట్లోకి రానివ్వవద్దని నేను అందరికీ చెబుతున్నాను.

అయితే మీ ఏసీలో గ్యాస్ అసలు తగ్గి ఉండకపోవచ్చు. నా ఉద్దేశంలో ఇటువంటి ఫిర్యాదులలో సగానికి పైగా ఫిల్టర్ జాలీలో పేరుకున్న దుమ్ము వల్లనే వస్తాయి. దానిని తీసి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, తిరిగి పెట్టండి. తరువాత ఒక థర్మామీటర్‌తో ఏసీ పైన లోపలికి పోయే గాలినీ, కింద బయటికి వచ్చే గాలినీ కొలవండి. ఏసీ నిలకడగా నడుస్తున్నప్పుడు ఆ రెండింటి మధ్య ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే యంత్రం బాగానే ఉన్నట్టు, లోపం గదిలోకి వచ్చే ఎండలోనో తలుపు సందులలోనో ఉన్నట్టు. ఇన్వర్టర్ రకం (వేగం తానే మార్చుకునేది) కాని ఏసీలో బయటి ఫ్యాను తిరుగుతూ, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ మాత్రం కాసేపు మూలిగి 'టక్'మని ఆగిపోతుంటే, ముందుగా అనుమానించవలసింది కంప్రెసర్ కదలడానికి ఊపునిచ్చే కెపాసిటర్‌ను. కొన్ని వందల రూపాయలతో పోయే పని. కరెంటు ఆపినా దానిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక మీరు మాత్రం దానిని ముట్టుకోవద్దు. సాయంత్రం వేళ వోల్టేజి పడిపోయినా కంప్రెసర్ ఇలాగే మొరాయిస్తుంది.

రిమోట్‌ను 16కు దించితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం కూడా పొరపాటే; ఇన్వర్టర్ కాని మామూలు ఏసీ 24 పెట్టినా అదే వేగంతో చల్లబరుస్తుంది, కాకపోతే 24 దగ్గర ఆగుతుంది. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా కేంద్రం నిబంధన కూడా పెట్టింది.

బయటి యూనిట్ ఎక్కడ ఉందో కూడా చూడండి. అపార్ట్‌మెంట్లు కట్టేవారు ముందు గోడ అందంగా కనిపించాలని యూనిట్లన్నిటినీ ఇరుకైన డక్టులో ఒకదాని మీద ఒకటి వేలాడదీయిస్తున్నారు. కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పైది పీలుస్తుంటే ఏ ఏసీ మాత్రం ఏమి చల్లబరచగలదు? మా యూనిట్ కూడా మొదట అక్కడే ఉండేది. ఆ పెద్దాయన మాట విని, ఆ శీతాకాలంలోనే దానిని బాల్కనీ బయటి గోడకు మార్పించి, పైన చిన్న రేకు నీడ వేయించాము. ఆ తరువాతి మే నెల నుంచి మా అమ్మగారు తెల్లవారుజామున ఏసీ ఆపేయమని అడుగుతున్నారు.