స్ట్రెయిన్ నేర్పిస్తామంటే లక్షన్నర కట్టాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. మా అమ్మాయి రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ కార్డియాక్ టెక్నాలజీ మూడో ఏడు. గుండె స్కానింగులో స్ట్రెయిన్ ఇమేజింగ్ అనే పద్ధతికి మంచి గిరాకీ ఉందని, మూడు నెలల్లో నేర్పి విదేశాల్లో ఉద్యోగం చూపిస్తామని ఒక కన్సల్టెన్సీవాళ్లు లక్షన్నర అడుగుతున్నారు. పదివేలు అడ్వాన్సు కట్టాను. అమ్మాయేమో క్యాథ్‌ల్యాబ్‌కు, అంటే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గుండెకు పరీక్షలు, స్టెంట్లు చేసే గదిలో పనికి వెళ్తానంటోంది. రెండింటిలో ఏది మంచిది? అన్నీ కంప్యూటరే కొలుస్తుందట కదా, పదేళ్ల తర్వాత ఈ చదువుకు విలువ ఉంటుందా?

జవాబు: పైన వేసింది మీ ఉత్తరంలో సగమే. మిగతా సగంలో, పెళ్లిళ్లలో చుట్టాలు అమ్మాయి చదువు గురించి అడిగితే ‘మెడికల్ లైనులో ఉంది’ అని మాట దాటేస్తున్నామని రాశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు నాలుగైదు వస్తాయి, కోర్సు పేరొక్కటే మారుతుంది. అందుకని ముందు కోర్సు సంగతి చూసి, తర్వాత మీ సంగతికి వస్తాను.

స్ట్రెయిన్ బూటకం కాదు. టూడీ ఎకో, అంటే గుండెకు అల్ట్రాసౌండ్ స్కానింగు, తీయించుకున్న ప్రతివాళ్లూ అడిగేది ‘పంపింగ్ ఎంత ఉంది?’ అనే. ఒంటికి రక్తం పంపే గది ఎడమ జఠరిక, అందులో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎన్నో వంతు బయటికి వెళ్లిందన్న లెక్క అది, డాక్టర్లు ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. అరవై శాతం అని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి పోతాం. కానీ మీ షెడ్డుకు వచ్చే లారీని తలచుకోండి. బరువు లాగుతూనే ఉంటుంది, మైలేజీ కూడా పడిపోలేదు, అయినా శబ్దం విని ‘ఒక సిలిండర్ సరిగా కొట్టడం లేదు’ అంటారు మీరు. గుండె గోడ లోపలి పొరలో కండరపు పోగులు నిలువుగా సాగి ఉంటాయి. బీపీ, షుగర్ వంటివి ముదిరేటప్పుడు తరచుగా ముందు నీరసించేవి అవే. మిగతా పోగులు ఆ పని భుజాన వేసుకుంటాయి గనక పంపింగ్ అంకె మామూలుగానే కనబడుతుంది. గోడ నిలువుగా ఎంత కుదించుకుంటోందో విడిగా కొలిస్తే లోటు బయటపడుతుంది. పది సెంటీమీటర్ల పొడవు ఎనిమిదికి తగ్గితే స్ట్రెయిన్ మైనస్ 20 శాతం. గోడలన్నిటికీ కలిపి సగటు తీస్తే దాన్ని జీఎల్‌ఎస్ (గ్లోబల్ లాంగిట్యూడినల్ స్ట్రెయిన్) అంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండెకు అది మైనస్ 20కి అటూ ఇటూగా ఉంటుంది. మైనస్ 12 అని చూసి మెరుగైందనుకునేరు, దిగజారిందని అర్థం.

ఎకో తెరమీద గుండె గోడ ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. ఆ చుక్కల గుంపులను ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు వెంబడించి కంప్యూటరు ఈ లెక్క కడుతుంది. అంతవరకు మీ కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది నిజమే. చెప్పనిది నేను చెబుతాను.

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ మందులు ఎక్కిస్తున్న రోజులవి. ఆ మందుల్లో కొన్నిటికి గుండెను దెబ్బతీసే గుణం ఉంది కాబట్టి వైద్యం మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యమధ్యలో ఇంకొన్నిసార్లు ఎకో తీస్తారు. మొదట జీఎల్‌ఎస్ మైనస్ 20.1 వచ్చింది. మూడు నెలలయ్యాక, ఇంటికి దగ్గరలో ఉందని వేరే ఆసుపత్రిలో తీయిస్తే మైనస్ 16.8. పంపింగ్ మాత్రం ఇంచుమించు అంతే. మొదటి అంకెలో 15 శాతానికి మించి తగ్గితే గుండెకు దెబ్బ తగులుతున్నట్టు లెక్క, ఇక్కడ 16 దాటింది. మందు ఆపేస్తారేమోనని ఇంటిల్లిపాదీ పది రోజులు తిండి మానేసినంత పని చేశాం. చివరికి గుండె డాక్టరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, ‘ఇది ఒక కంపెనీ మిషను, అది ఇంకో కంపెనీది. వీటిని పోల్చకూడదు’ అన్నారు. మొదటి చోటే మళ్లీ తీయిస్తే మైనస్ 19.4. రెండో చోట తీసినవాళ్లకు ఆ సాఫ్ట్‌వేరులో మీట ఎక్కడ నొక్కాలో తెలుసు. పాత రిపోర్టు ఏ మిషనుదో అడగాలని తెలియదు. మూడు నెలల కోర్సు తయారుచేసేది అలాంటివాళ్లనేనని నా అనుమానం.

మొదటి చోట, అది గుంటూరు కొత్తపేటలో, అక్కకు తోడుగా నేను గదిలోనే ఉన్నాను. టెక్నీషియన్ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. అక్కను ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, ఈసీజీ తీగలు అంటించి, జెల్ రాసి, ఛాతీ మీద ఆనించే ప్రోబ్ పెట్టింది. మూడు కోణాల్లో బొమ్మలు పట్టాక కంప్యూటరు గుండె మొత్తాన్ని గుండ్రటి పళ్లెంలా పరిచి రంగులు వేసింది. అంతా ముదురు ఎరుపు, ఒక పక్క మాత్రం వెలిసిన గులాబీ రంగు. నా గుండె జారింది. ఆ అమ్మాయి పళ్లెం వంక చూడనే లేదు. వెనక్కి వెళ్లి బొమ్మ ఆడించి చూసి, ‘ఊపిరితిత్తి అడ్డొచ్చింది, అక్కడ గోడే కనబడటం లేదు, కంప్యూటరు దేన్నో పట్టుకుని లెక్క కట్టేసింది’ అంటూ ఆ బొమ్మ తీసేసింది. ‘గాలి వదిలేసి అలాగే బిగబట్టమ్మా’ అని ప్రోబ్ ఒక్క వేలెడు కిందికి జరిపింది. గోడ తేలింది. ఈసారి ఆ పక్కా ఎర్రగానే వచ్చింది. అన్నీ కంప్యూటరే కొలుస్తుందన్న మాటకు నా దగ్గరున్న జవాబు ఆ వేలెడు దూరమే.

అయినా మీ భయంలో కొంత నిజం లేకపోలేదు. ప్రోబ్ ఎటు తిప్పాలో కొత్తవాళ్లకు తెరమీదే చూపించే సాఫ్ట్‌వేరుకు అమెరికాలో మందులు, వైద్య పరికరాల సంగతి చూసే ఎఫ్‌డీఏ 2020లోనే అనుమతి ఇచ్చింది. కొలతలు తీసే పని రోజురోజుకూ చవకవుతుంది. కాబట్టి కొలత తీయడం ఒక్కటే నేర్చుకున్న మనిషికి పదేళ్ల తర్వాత ఇబ్బంది తప్పదు, ఈ కోర్సు నేర్పేది సరిగ్గా అదే. స్ట్రెయిన్ అనేది ఉద్యోగం పేరు కాదండీ, ఎకో తీసే మనిషికి రావలసిన పనుల్లో ఒకటి. వాల్వు సెట్టింగు ఒక్కటే నేర్పించమని ఎవరైనా కుర్రాణ్ణి తెచ్చి అప్పగిస్తే మీరు షెడ్డులో చేర్చుకుంటారా?

విదేశాల మాట కూడా తేల్చేద్దాం. అమెరికాలో ఎకో తీసేవాళ్లను అడిగేది ఏఆర్‌డీఎంఎస్ లాంటి సంస్థ ఇచ్చే రిజిస్ట్రీ, అంటే పరీక్షలు పాసై తెచ్చుకునే గుర్తింపు. దానికి అల్ట్రాసౌండ్ భౌతికశాస్త్రం మీద ఒక పరీక్ష, గుండె మీద ఇంకొకటి, వాటిని రాయడానికి ముందే చదువు, అనుభవం చూపించాలి. దుబాయ్‌లో లైసెన్సు పరీక్షతో పాటు డిగ్రీ కాగితాలు నిజమైనవో కావో వాటిని ఇచ్చిన చోటే అడిగి తనిఖీ చేస్తారు. మూడు నెలల సర్టిఫికెట్ ఈ రెండు చోట్లా ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప పనికిరాదు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. అమ్మాయి క్యాథ్‌ల్యాబ్ అంటోందని రాశారే గానీ ఎందుకు అంటోందో ఒక్క ముక్క రాయలేదు, అడగలేదని అర్థమైంది. ఆమెను అడగకుండా పదివేలు కట్టారు. ఆ డబ్బు మీరు కోర్సుకు కట్టలేదు, ‘టెక్నీషియన్’ అన్న మాట పక్కన ‘స్పెషలిస్ట్’ అన్న మాట చేర్చుకోవడానికి కట్టారు. చేతులకు గ్రీజు అంటుకున్న పనితో ఇల్లు నిలబెట్టిన మనిషికి చేతిపని అంటే నామోషీ ఏమిటి? మీకు తెలుసో లేదో, ఎకో పరీక్షకు మొదటి యంత్రం వచ్చింది ఆసుపత్రి నుంచి కాదు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడల కార్ఖానాలో లోహపు పగుళ్లు వెతికే యంత్రం అరువు తెచ్చుకుని గుండె మీద పెట్టి చూశారు. మీ కులవిద్య అనుకోండి.

క్యాథ్‌ల్యాబా, ఎకోనా అని పోల్చమన్నారు. క్యాథ్‌ల్యాబ్‌లో సీసం ఆప్రాన్ బరువు, ఎక్స్‌రే కిరణాలు, అర్ధరాత్రి గుండెపోటు కేసుకు పిలుపు ఉంటాయి. బృందంలో టెక్నీషియన్ లేనిదే అక్కడ పని కదలదు కాబట్టి చోటు గట్టిది. ఎకోలో ఆ కష్టాలు లేవు, కానీ మన దగ్గర చాలాచోట్ల ప్రోబ్ డాక్టరు చేతిలోనే ఉంటుంది, రిపోర్టు మీద సంతకం ఎలాగూ వారిదే. రెండూ బతుకుతెరువు చూపే దారులే, ఎటు వెళ్లినా అమ్మాయి రోడ్డున పడదు. నిజంగా పట్టించుకోవలసింది ఇంటర్న్‌షిప్ ఎక్కడ అన్నది. సూర్యారావుపేటలో బోర్డు పెద్దగా ఉన్న ఆసుపత్రిని కాదు, ఆమె చేతికి ప్రోబ్ ఇచ్చే ఆసుపత్రిని వెతకండి. ‘రోజుకు ఎన్ని ఎకోలు అవుతాయి, వాటిలో విద్యార్థి ఎన్ని తీయవచ్చు’ అని ఆమెనే వెళ్లి అడగమనండి. ఏడాదిపాటు రోజూ తీస్తే చెయ్యి కుదురుతుంది. స్ట్రెయిన్ సాఫ్ట్‌వేరు అక్కడి మిషనులో ఉంటే ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం పెద్ద పని కాదు.

అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా మిగతా లక్షా నలభై వేలు మిగిలాయనుకోండి.

ఉత్తరం చివర, మీకు యాభై దాటాయని, బీపీ మాత్ర ‘గుర్తొచ్చినప్పుడు’ వేసుకుంటున్నానని రాశారు. మాత్ర రోజూ వేసుకోండి. ఎకో అవసరమేమో డాక్టరును అడిగి, రాసిస్తే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. తెరమీద ఏం కనబడుతోందో ఇంటికొచ్చాక ఆమెను చెప్పమనండి.