జీతం ఏడో తేదీన, వాయిదా ఐదో తేదీన

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయన ఒక టోకు దుకాణంలో లెక్కలు రాస్తారు. నెలకు 32,000 రూపాయల జీతం ఏడో తేదీన బ్యాంకులో పడుతుంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టి ఎనిమిది, తొమ్మిది వేలు సంపాదిస్తాను. ఉంటున్నది సొంత ఇల్లు. కళ్యాణదుర్గం దగ్గర మా మామగారికి ఐదెకరాల వేరుశనగ చేను ఉంది. దానిమీద గ్రామీణ బ్యాంకులో లక్షన్నర పంట రుణం ఉంది. డబ్బు లేక కాదు గానీ, ఏ బిల్లూ గడువులోగా కట్టలేకపోతున్నాం. ఏడాదిలో రెండుసార్లు కరెంటు ఫ్యూజు పీకేశారు. బండి వాయిదా మూడుసార్లు బౌన్స్ అయింది. ఇంటి పన్ను రెండేళ్లుగా బాకీ. మా ఆయన పేరిట ఉన్న ఎల్‌ఐసీ పాలసీకి ఎనిమిది నెలలుగా ప్రీమియం కట్టలేదని మొన్ననే తెలిసింది. వీటన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చుకోవడం ఎలా? ఖాతా నుంచి డబ్బు దానంతటదే వెళ్లే ఆటో పే దేనికి పెట్టుకోవచ్చు?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన బిల్లులను, పాస్‌బుక్ పేజీలను తేదీల వారీగా పేర్చుకుని చూశాను. పద్ధతి గురించి మాట్లాడుకునే ముందు పాలసీ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మిగిలిన బాకీల వల్ల పోయేది కొంత డబ్బు మాత్రమే గానీ, ఇది మీ పిల్లల భద్రతకు సంబంధించినది. ఆరు నెలలకోసారి కట్టే ప్రీమియానికి గడువు తేదీ తర్వాత 30 రోజుల అదనపు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి దాటి మీకు ఏడు నెలలు గడిచాయి. ఈ స్థితిలో మీ ఆయనకు ఏదైనా జరిగితే పాలసీ మీద రాసి ఉన్న పూర్తి మొత్తం మీకు రాదు. ఇప్పటికి ఎన్నేళ్లు ప్రీమియం కట్టారన్నదాన్నిబట్టి తగ్గించిన మొత్తం రావచ్చు, అసలేమీ రాకపోనూ వచ్చు. కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి ఐదేళ్లలోపు పాలసీని పునరుద్ధరించుకునే వీలుంది కాబట్టి, ఈ వారంలోనే పాలసీ ఉన్న శాఖకు ఇద్దరూ వెళ్లండి. రెండు ప్రీమియాలు కలిపి 12,000 రూపాయలు, దానిమీద వడ్డీ కట్టమంటారు. ఆరోగ్యం గురించి ఒక ప్రకటన కూడా అడగవచ్చు, అందులో ఏదీ దాచకుండా రాయండి. మీ కుట్టుపని ఖాతాలో 14,000 రూపాయలు ఉన్నట్లు పాస్‌బుక్‌లో కనిపిస్తోంది. ఆ డబ్బును ఇంటి పన్నుకో మరో దానికో కాకుండా ముందు దీనికే వాడమని గట్టిగా చెబుతున్నాను.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. బండి వాయిదా 3,900 రూపాయలు ప్రతి నెలా ఐదో తేదీన మీ ఆయన ఖాతా నుంచి వెళ్తోంది, జీతం ఏడో తేదీన వస్తోంది. నెలాఖరుకు ఆ ఖాతాలో మిగిలేది వెయ్యి, పదిహేను వందలే. బౌన్స్ అయిన మూడు నెలల్లోనూ సరిగ్గా రెండు రోజుల తర్వాత అదే ఖాతాలో ముప్పై వేలకు పైగా డబ్బుంది. ఆ రెండు రోజుల తేడాకు బ్యాంకు ఒక రుసుము, ఫైనాన్స్ కంపెనీ మరో రుసుము, రెండింటి మీద జీఎస్టీ వసూలు చేశాయి. పైగా ఆ ఆలస్యం అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే మీ ఆయన క్రెడిట్ నివేదికలోకి కూడా ఎక్కి ఉండవచ్చు. 2025 జనవరి నుంచి రుణసంస్థలు చెల్లింపుల సమాచారాన్ని కనీసం పదిహేను రోజులకోసారి ఆ నివేదికలు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలకు పంపాలి కాబట్టి ఇప్పుడు చిన్న ఆలస్యం కూడా త్వరగా నమోదవుతుంది. రేపు పిల్లల చదువుకో, ఇంటి మీద మరో గది వేసుకోవడానికో రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది.

కాబట్టి వాయిదా తేదీని పదికి మార్చమని ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. మార్చితే ఖాతా నుంచి వాయిదా తీసుకోవడానికి ఇచ్చే అనుమతిని, అంటే బ్యాంకు మ్యాండేట్‌ను కూడా కొత్తగా ఇవ్వాల్సి రావచ్చు, పాతది రద్దయిందో లేదో అడిగి తెలుసుకోండి. మార్చడానికి వారు ఒప్పుకోకపోతే ఒక వాయిదాకు సరిపడా 3,900 రూపాయలను ఒక్కసారి ఎలాగో కూడబెట్టి ఆ ఖాతాలో కదపకుండా ఉంచడమే మార్గం.

మీకు రెండో చిక్కు తెచ్చిపెట్టినవి నెలనెలా రాని బిల్లులు. ఫోను, కేబుల్, పొదుపు సంఘం వాయిదా వంటివి మీరు ఒక్కసారి కూడా తప్పలేదు, ఎందుకంటే అవి నెలకోసారి గుర్తుచేస్తాయి. ఇంటి పన్ను, ఆరోగ్య బీమా, బండి బీమా, బడి ఫీజు, ఎల్‌ఐసీ ప్రీమియం మాత్రం ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి వచ్చి, ఆ నెల జీతంలో పెద్ద గండి కొడుతున్నాయి. అప్పుడు మీరు కరెంటు బిల్లు ఆపి బడి ఫీజు కట్టారు, తర్వాత కరెంటు కోసం ప్రీమియం ఆపారు. కాబట్టి ఏడాది ఖర్చులన్నిటినీ పన్నెండు భాగాలు చేసి చూడాలి. మీరు పంపిన కాగితాల ప్రకారం గడిచిన పన్నెండు కరెంటు బిల్లుల మొత్తం 16,800, అంటే నెలకు 1,400 రూపాయలు. ఇంటి పన్ను ఏడాదికి 4,200, నెలకు 350. ఎల్‌ఐసీకి నెలకు 1,000, ఆరోగ్య బీమాకు 1,500, బండి బీమాకు 150, బడి ఫీజులకు 3,000 పడతాయి. వీటికి బండి వాయిదా 3,900, ఫోను, కేబుల్ కలిపి 1,100, పొదుపు సంఘానికి 2,000 చేర్చితే మొత్తం 14,400 రూపాయలు అవుతుంది.

ఈ 14,400 రూపాయలకు వేరే ఖాతా ఉండాలి. మీ ఆయన జీతం పడే ఖాతాకే ఫోన్‌లోని యూపీఐ ముడిపడి ఉంది. కూరగాయలు, పెట్రోలు, పెళ్లి చదివింపులు అన్నీ దాని నుంచే పోతున్నప్పుడు అందులో ఉన్న డబ్బులో ఎంత మనది, ఎంత బిల్లులది అన్నది ఎవరికీ తెలియదు. కనీస నిల్వ నిబంధన లేని పొదుపు ఖాతాను మీ ఇద్దరి పేర్ల మీద తెరవండి. స్టేట్ బ్యాంకు 2020లోనే పొదుపు ఖాతాలకు ఆ నిబంధన ఎత్తేసింది. ఏడో తేదీ జీతం పడగానే, ఆ సాయంత్రం సంతకు వెళ్లకముందే, 14,400 రూపాయలు అందులోకి మళ్లించండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకున్నా ఆ ఫోను మీ దగ్గరే ఉండాలి, దాంతో బిల్లులు తప్ప మరేదీ కట్టకూడదు. కొన్ని నెలలు గడిచాక అందులో ఇరవై, ముప్పై వేలు నిల్వ కనిపిస్తుంది. అది మిగులు కాదని, జూన్‌లో రాబోయే బడి ఫీజు, ఆ తర్వాత రాబోయే బీమా అని గుర్తుంచుకోవడం చాలా అవసరం. ఎవరికైనా చేబదులు ఇవ్వాలనిపించేది సరిగ్గా అప్పుడే.

ఇంటి పన్ను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మన ఊళ్లలో ఎవరూ అప్పుగా లెక్కపెట్టరు. మన మున్సిపాలిటీల్లో పన్ను బాకీ మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే. అదే ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30లోపు ఒకేసారి కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. మీ 4,200 మీద అది 210 రూపాయలు. కొన్ని ఏళ్లలో ఆర్థిక సంవత్సరం చివర ప్రభుత్వం బకాయిల వడ్డీలో రాయితీ ప్రకటిస్తుంది గానీ, దానికోసం ఎదురుచూస్తూ పన్ను ఆపుకోవద్దు. పాలసీ పని అయిపోయిన తర్వాత మీ కుట్టుపని డబ్బులోంచి నెలకు రెండు వేలు తీసి పాత బాకీ కట్టుకుంటూ వస్తే, ఐదారు నెలల్లో వడ్డీతో సహా తీరిపోతుంది. నగరపాలక సంస్థ కౌంటర్‌లో భాగాలుగా తీసుకుంటారో లేదో ముందే అడగండి.

కరెంటు బిల్లును మాత్రం ఆటో పేలో పెట్టవద్దని నా సలహా. మొత్తం ప్రతి నెలా మారే బిల్లును చదవకుండా వదిలేయడం నాకు నచ్చదు. బిల్లు ఇచ్చిన తేదీ నుంచి సాధారణంగా రెండు వారాల గడువు ఉంటుంది. మీటరు చూసే మనిషి కాగితం చేతికిచ్చిన రోజే మీటరు దగ్గర నిలబడి, బిల్లులోని రీడింగుతో సరిపోయిందో లేదో చూడండి. గృహ వినియోగంలో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ ధర 6 రూపాయలైతే, 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు. రీడింగులో చిన్న పొరపాటు జరిగినా, ఏప్రిల్, మే నెలల్లో కూలరు రాత్రంతా తిరిగినా ఆ తేడా బిల్లులో బాగా కనిపిస్తుంది. మీరు పంపిన బిల్లుల్లో నాలుగింటి మీద అచ్చు దాదాపు చెరిగిపోయి, సర్వీసు నంబరు కూడా చదవడానికి వీల్లేకుండా ఉంది. ఆ నున్నటి కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే తెల్లబడిపోతాయి. మా అమ్మ వంటింటి గోడకు ఒక ఇనుప కమ్మి వంచి తగిలించి, కట్టిన ప్రతి బిల్లు వెనుక పెన్నుతో తేదీ, మొత్తం రాసి దానికి గుచ్చేది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ కాగితాల మీద ఆమె రాత చదవగలిగాం. మీరూ అదే చేయండి, కమ్మి లేకపోతే నోటుపుస్తకం చాలు.

బిల్లు కట్టేటప్పుడు బిల్లుల చెల్లింపు వ్యవస్థ అయిన భారత్ కనెక్ట్ గుర్తు ఉన్న యాప్‌లోనో, విద్యుత్ పంపిణీ సంస్థ సొంత యాప్‌లోనో సర్వీసు నంబరు మీరే కొట్టి కట్టండి. చివరి తేదీ దాకా ఆగవద్దు, చెల్లింపు మధ్యలో ఆగిపోతే సరిచేసుకోవడానికి రెండు మూడు రోజుల వ్యవధి ఉండాలి. ఈ రాత్రికే కరెంటు తీసేస్తామని, ఫలానా నంబరుకు ఫోను చేయమని, ఈ లింకు నొక్కమని వచ్చే సందేశాలను అసలు నమ్మవద్దు. అనుమానం ఉంటే విద్యుత్ సహాయ నంబరు 1912కు ఫోను చేసి అడగండి. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పాలి.

ఆటో పే దేనికి పెట్టుకోవచ్చని మీరు అడిగారు. బండి వాయిదాలా మొత్తం మారని వాటికి, అది కూడా బిల్లుల ఖాతా నుంచే పెట్టుకోవచ్చు. కార్డు లేదా యూపీఐ ద్వారా ఇచ్చిన అనుమతి అయితే డబ్బు తీసుకునే 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆ సందేశం రాగానే నిల్వ చూసుకునే అలవాటు చేసుకోండి. పొదుపు సంఘం వాయిదాను మాత్రం ఇప్పటిలాగే సమావేశంలో చేతికే ఇవ్వండి. అందులో మీరు తప్పితే మిగతా అక్కచెల్లెళ్ల వడ్డీ రాయితీకి కూడా ముప్పు వస్తుంది కాబట్టి, అది మీరు ఇన్నాళ్లు తప్పకపోవడం నాకు చాలా సంతోషం కలిగించింది.

చివరగా మీ మామగారి పంట రుణం. మీరు దీన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ, గడువు తేదీకి అన్నిటికంటే ఎక్కువ విలువ ఉన్నది దీనికే. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా తీర్చిన రైతుకు కేంద్రం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది. లక్షన్నర మీద 7 శాతమంటే ఏడాదికి 10,500 రూపాయలు, 4 శాతమంటే 6,000. ఒక్కరోజు గడువు దాటినందుకు 4,500 రూపాయలు పోతాయి. వేరుశనగ పీకి, కాయ ఆరబెట్టి, అమ్మి చేతికి డబ్బు వచ్చేది నవంబరు నుంచి సంక్రాంతి మధ్యలో. గడువు ఆ తర్వాత ఉంటే ఆ డబ్బును బిల్లుల ఖాతాలోనే పక్కన పెట్టండి. గడువు పంటకు ముందే పడితే వడ్డీ వ్యాపారి దగ్గర ఒకటి రెండు రోజులకు తెచ్చి కట్టి, మళ్లీ తీసుకునే పద్ధతి మన వైపు చాలామంది పాటిస్తున్నారు. అందులో మధ్యవర్తికి పోయే డబ్బు ఒక్కోసారి ఆ 3 శాతం రాయితీని మింగేస్తుంది కాబట్టి, ఆ పని చేసే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

ఆ రుణం ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులోదైతే, ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో విలీనమైంది. కాబట్టి పాత పాస్‌బుక్ మీది వివరాలను శాఖలో ఒకసారి సరిచూసుకోండి. మీరు పంపిన కాగితాల్లో ఆ రుణం గడువు తేదీ ఎక్కడా లేదు. మీ మామగారిని వెంటబెట్టుకుని శాఖకు వెళ్లి, ఆ తేదీని రాయించుకుని నాకు పంపండి. దాన్నిబట్టి నెలనెలా ఎంత పక్కన పెట్టాలో లెక్క వేసి మళ్లీ రాస్తాను.