తమ్ముడికి, ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి ప్రసాదుకు ఆశీస్సులు.

మరదలు ఫోన్‌లో ఏడ్చింది. సోమవారమే ఆపరేషన్ అంటే సరేనన్నావట. ఆగరా. మూత్రాశయం కింద ఉండే ఈ ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ చాలామందిలో మెల్లగా పెరుగుతుంది. నీలాంటి రిపోర్టుకు రెండు వారాలు ఆలోచిస్తే మించిపోయేదేమీ లేదు.

గ్లీసన్, అంటే బయాప్సీ ముక్కలో జబ్బు జోరు చెప్పే అంకె, 7 అన్నావు. 3+4 నా, 4+3 నా? రెండూ ఏడే గానీ, 4 ముందుంటే జబ్బు జోరు ఎక్కువ. 6 వచ్చినవాళ్లలో చాలామందికి వైద్యం మొదలుపెట్టకుండా పీఎస్‌ఏ అనే ప్రొస్టేట్ రక్తపరీక్ష చూస్తూ, మధ్యమధ్య బయాప్సీ చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. జబ్బు ఎముకలకు పాకితే హార్మోన్ మందులే ప్రధానం. నీ స్కాన్ శుభ్రంగా ఉంది కాబట్టి నీకు ఆపరేషనూ ఉంది, రేడియేషనూ ఉంది. రెండూ నయం చేయగలిగినవే.

ఆరేళ్ల కిందట నాకు ఇదే జబ్బు వచ్చినప్పుడు ఆ రెండో మాట, రేడియేషన్ సంగతి, ఎవరూ చెప్పలేదు. మొదట చూపించుకున్న చోట ఆపరేషన్ తేదీ రాసి చేతిలో పెట్టారు. ఆ కోపం నాకింకా పోలేదు. పెద్దాడు పట్టుబట్టి విజయవాడలో రేడియేషన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆదివారాలు, శనివారాలు పోను 20 సిట్టింగులు, ఆరు నెలలు హార్మోన్ ఇంజక్షన్లు. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి, నీరసం, కానీ తట్టుకున్నాను. మెషీన్ మీద పడుకునేసరికి మూత్రాశయం నిండుగా ఉండాలి. తొలిరోజు ఇంటి దగ్గరే నీళ్లు తాగి బస్సెక్కాను, వారధి మీద ట్రాఫిక్‌లో నరకం చూశాను. నువ్వు రేడియేషన్‌కు వెళితే ఆస్పత్రికి చేరాకే తాగు.

నీకు అరవై ఒకటి, షుగర్ లేదు. ఆపరేషన్ వద్దనను. తర్వాత పీఎస్‌ఏ పెరిగితే రేడియేషన్ ఇవ్వొచ్చు, రేడియేషన్ తర్వాత ఆపరేషన్ మాత్రం కష్టం. అయితే ఆపరేషనయ్యాక కొన్నాళ్లు మూత్రం ఆగదు, ప్యాడ్లు కావాలి. దాంపత్యం మీద దెబ్బ రెండింటికీ ఉంది, ఆపరేషన్‌లో వెంటనే, రేడియేషన్‌లో నెమ్మదిగా. దాంపత్యానికి కావలసిన నరాలు కాపాడగలరా, ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు అని సర్జన్‌ను సూటిగా అడుగు. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం ఇప్పటినుంచే మొదలుపెట్టు. మరదల్ని వెంటబెట్టుకుని వెళ్లు, ఆ మాటలు తనూ వినాలి.

డబ్బు గురించి భయపడకు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద నీ కార్డుకు ఏది వస్తుందో కౌంటర్లో కనుక్కుందాం. మన గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటరూ ఉంది.

గురువారం పొద్దున్నే పటమటకు వస్తాను. బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ, పీఎస్‌ఏ కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి ఉంచు.

మీ అన్నయ్య